లేని రాజవ్వ మీద నా పరిశోధన

మొన్న ఆదివారం హోట్గి రోడ్డులోని మా ఇంట్లో పాత కాగితాల సంచీ విప్పితే గుప్పుమని మగ్గం నూనె వాసన కొట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా! కాగితాల మధ్య ఒక అట్టముక్క ఉంది, ఒళ్లంతా చిల్లులతో. జకార్డు మగ్గం మీద దండలా కుట్టి వేలాడదీసే అట్టల్లో ఇదొకటి. చిల్లులు ఎక్కడున్నాయో దాన్నిబట్టి దారాలు లేచి చద్దరు మీద పువ్వో నెమలో పడుతుంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే అంబాదాస్ కాక గుర్తొచ్చాడు. నా పరువు తీయబోయి, చివరికి నిలబెట్టిన మనిషి.

భవాని పేట్‌లో నాన్న, కాక ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాల మీద చద్దర్లు నేసేవారు. కాక నవలలు రాసేవాడు. అవును, నవలలే. సాయంత్రం పని దిగి మా వాకిట్లో కూర్చుని, బీడీలు చుట్టే ఆడవాళ్లకు చదివి వినిపించేవాడు. వాళ్లు బాగుందంటే నమ్మేవాడు కాదు. చేతులు ఆగాయా లేదా అని చూసేవాడు. ఆగితే ఆ పేజీ ఉంచేవాడు, ఆగకపోతే అక్కడే కొట్టేసేవాడు. "నీ కథ పాడుగాను అన్నా! ఆకు ఎండిపోతున్నది, జర సప్పుడు జెయ్యకుండ కూసో" అని మా అమ్మ తిట్టేది. తిట్టు పడిన రోజు కాక మొహం వెలిగిపోయేది. మరాఠీ ఊరు కాబట్టి బడిలో నాకు మరాఠీయే. తెలుగు అక్షరాలు కాకే షెడ్డు గోడ మీద సుద్దముక్కతో దిద్దించాడు. ఆ గోడ దగ్గర మొదలుపెట్టి హైదరాబాదులో తెలుగు ఎం.ఏ. దాకా వెళ్లాను.

చివరి సంవత్సరంలో పరిశోధన వ్యాసం రాయాలి. సెలవులకు వచ్చినప్పుడు ట్రంకు పెట్టె అడుగున అట్టా, ముందు పేజీలూ లేని పుస్తకం ఒకటి దొరికింది. రాజవ్వ అనే బీడీ కార్మికురాలి జీవితం, ఆమె కట్టిన పదాలు. పీఠిక ఉంది, ప్రతి పేజీ కింద చిన్న అక్షరాల్లో వివరణలున్నాయి, ఆమె ఎప్పుడు పుట్టిందనే దాని మీద ఇద్దరు పండితుల తగాదా కూడా ఉంది. పండితులు తగాదా పడ్డారంటే మనిషి ఉన్నట్టే కదా! ఎవరూ ఎరగని కవయిత్రి, అదీ మా పేట మనిషి, నాకు దొరికిందని ఎగిరి గంతేశాను. "రాజవ్వ ఎరికేనా అమ్మా?" అంటే, "ఏ రాజవ్వనే? గల్లీల ఇద్దరున్నరు" అంది అమ్మ ఆకు కత్తిరిస్తూ. దాన్నే సాక్ష్యంగా రాసుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! మా గైడు సారైతే, "ఆమె పేరు మా గురువుగారి నోట విన్నానమ్మా" అని తల కూడా ఊపారు. కాకకు మాత్రం చెప్పలేదు. పూర్తయ్యాక చేతిలో పెట్టి మురిపించాలని నా ఆశ.

వ్యాసం ఇవ్వాల్సిన గడువుకు వారం ముందు, మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డుకు వెళ్లి కాక చేతిలో పెట్టాను. చేతులు తుడుచుకుని చదివాడు. మొదట నవ్వాడు. రెండో పేజీకి ఆ నవ్వు పోయింది.

"అరే బాపరే! బిడ్డా, ఇది నవలనే. నేనే రాసిన, నువ్వు చంటిపిల్లప్పుడు. రాజవ్వ లేదు, ఆ పండితులు సుత లేరు."

"నవల అని ఎక్కడున్నది మరి?"

"అట్ట మీద ఇంతింత అక్షరాలుండె గద!"

పక్కన రొట్టె తింటున్న నాన్న నమలడం ఆపాడు. "ఆ అట్టనా? అప్పుడు జకార్డుల ఒక అట్ట చినిగి నెమలికి తల పడకపోతుండె. మందంగ ఉన్నదని దాన్ని కోసి, చిల్లులు కొట్టి కుట్టిన" అన్నాడు. లేచి వెళ్లి, వేలాడుతున్న అట్టల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పి చూపించాడు. నూనె మరకల కింద, చిల్లుల మధ్య, 'నవల' అన్న మాట మసకగా కనబడింది.

అమ్మ బీడీలు చుట్టి చదివించిన పిల్ల, లేని మనిషి మీద డిగ్రీ తెచ్చుకోబోయిందని నలుగురూ నవ్వితే? అసలు డిగ్రీయే ఇవ్వకపోతే? "ఇంత నిజంలెక్క ఎందుకు రాసినవ్ కాకా? నా బతుకు ఆగమైంది" అని అక్కడే ఏడ్చాను. కాక మీద కోపమొచ్చింది, నాన్న మీద కోపమొచ్చింది, తల మొలిచిన ఆ నెమలి మీద కూడా వచ్చింది.

"మనిషి లేదు గని మాటలున్నయి. నడువ్" అన్నాడు కాక.

మా వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల ముందు నన్ను నిలబెట్టి, రాజవ్వ పదాలు ఒక్కొక్కటే చదవమన్నాడు. "అగో, అది నా మాట!" అని ఒకామె అంది. "నీదేంది, మా అత్త అనేది" అని ఇంకొకామె లేచింది. ఒక పదం కోసం ఇద్దరు కాసేపు మాట్లాడుకోవడం మానేశారు. చివరికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చదివాను.

"తంబాకు చేతి ముద్ద చేదని
బిడ్డ మొహం తిప్పుకున్నది.
ఎన్నిమార్లు కడిగినా
ఈ చెయ్యి నాదే గద."

ఆ బిడ్డ రాబోయే తరానికి ప్రతీక అని నాలుగు పేజీలు రాసి ఉన్నాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"అది నేనన్నదే. ఆ పోరి నువ్వేనే" అంది.

వాకిలంతా నవ్వింది. నేను మళ్లీ ఏడ్చాను గాని, ఈసారి భయంతో కాదు.

"ఇంతమంది పేర్లు పెడితే ఎవడు చదువుతడని, అందరిని కలిపి ఒక్క రాజవ్వను జేసిన" అన్నాడు కాక, తల వంచుకుని. "ఏ మాట ఎవరిదో రాసిపెట్టలే. అది నా తప్పు. నువ్వు రాయి. ముందుగాల పోయి మీ సారుకు చెప్పు. వాళ్లు పట్టుకున్నంక చెప్తే అది చెప్పినట్టు గాదు."

హైదరాబాదులో సారు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నా వ్యాసం మూసి బల్ల మీద పెట్టారు. "మరి నేను మా గురువుగారి నోట విన్నానన్నాను కదమ్మా" అన్నారు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఆయనే నవ్వారు. మూడు నెలల గడువిచ్చారు. అబ్బ, ఆ మెట్లు దిగుతుంటే ఒళ్లు ఎంత తేలికైందో! కింద నిలబడి కడుపునిండా చాయ్ తాగాను. కొత్త వ్యాసంలో రాజవ్వ కాక కల్పన అని మొదటి వాక్యంలోనే రాశాను, ప్రతి పదం పక్కన అది అన్న మనిషి పేరు పెట్టాను. డిగ్రీ వచ్చిందని ఫోన్ చేస్తే కాక అడిగిన మొదటి మాట, "మరి రాజవ్వ ఏమైంది?"

"బతికే ఉంది కాకా, నీ నవలల."

"బస్, ఇంకేం గావాలె" అన్నాడు.

షెడ్డు మూతబడిన రోజు 'నవల' అని ఉన్న ఈ అట్టను దండలోంచి విప్పి నాకు తెచ్చి ఇచ్చింది కాకే. ఆయన పోయి రెండేళ్లవుతోంది. నేనిప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతాను. ఏది చదివినా, ఇది ఎవరి నోటి మాట అని అడగనిదే నాకు ముందుకు సాగదు. ఆ అలవాటు ఆయనదే.

అట్టను ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుండిపోతే, అమ్మ కంచం పట్టుకుని వచ్చింది. బీడీలు చుట్టడం మానేసి చాన్నాళ్లయింది. నా చేతులకు దుమ్ము చూసి, తనే కూర్చుని ముద్ద కలిపింది. నోటిదాకా తెచ్చి ఆగింది.

"ఇంకా తంబాకు వాసనొస్తదానే?"

"వస్తది" అన్నాను, నోరు తెరిచి.