ఉమామహేశ్వర్ తెల్లబరిచిన పటం

ఉప్పల్ రింగురోడ్డు పక్కన ఉమామహేశ్వర్ ఫోటో స్టూడియో. ఆయన కెమెరా ముందు చామనఛాయగా కూర్చున్న పెళ్లికూతురెవరూ ఆల్బమ్‌లోకి అదే ఛాయతో వెళ్లలేదు. మొటిమలు మాయం, మామగారి బట్టతల మీద మెరుపు మాయం. కంప్యూటర్‌లో మెరుగు దిద్దాక అసలు ఫోటో తీసి పారేయడం ఆయన పద్ధతి. డిస్కులో చోటు చాలదనేది సాకు. అసలుది చూస్తే పెళ్లివారు తంతారన్నది కారణం. సొంత పెళ్లి ఆల్బమ్‌కూ అదే మర్యాద జరిగింది.

అలాంటి మనిషికి 2009లో నాచారంలోని ఒక కళాసంస్థ పాత పటాలను ఫోటోలు తీసే పని అప్పగించింది. పటమంటే కథ చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపించిన పొడవాటి బొమ్మల గుడ్డ. ఇంటర్‌నెట్‌లో పెడితే ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడొచ్చని సంస్థ పెద్ద రామ్మోహనరావు ఆశ. ఉమామహేశ్వర్ మనసుపెట్టి పనిచేశాడు. అదే కొంపముంచింది. నూనె మరకలు తుడిచాడు, చిరుగులు పూడ్చాడు, అరిగిన చోట పక్కనున్న రంగు తెచ్చి అతికించాడు. ఒక పటంలోని నీలం మొహం వీరుడికి కూడా రిసెప్షన్ తెలుపు తెప్పించాడు.

వెబ్‌సైట్ ప్రారంభోత్సవానికి ఆ పటాన్ని సంస్థకు అమ్మిన సారలమ్మను పిలిచారు. ఆమె భర్త బతికున్నన్నాళ్లూ ఆ పటంతోనే కథ చెప్పాడు. తెర మీద బొమ్మ పడగానే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇది మా పటం గాదు సారూ," అంది. "మా ఆయన కట్టెవెట్టి సూపిచ్చీ సూపిచ్చీ వీరుని బుజం అరిగిపోయింది. గా జాగ సూద్దామనే వచ్చిన."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముసలమ్మ అమ్మిందే నకిలీదని కొందరు తేల్చేశారు. రామ్మోహనరావు, నువ్వు ఏ పటం ఇచ్చావో గుర్తు చేసుకోమని ఆమెనే గద్దించాడు. అసలు పటం పక్క గదిలో బీరువాలోనే ఉంది. కంప్యూటర్ చూపించాక దాన్ని విప్పి చూద్దామని ఒక్క మహానుభావుడికీ తోచలేదు.

వెనక వరసలో ఉమామహేశ్వర్ తింటున్న సమోసా పక్కన పెట్టాడు. నోరు మూసుకుంటే తన పేరు నిలుస్తుంది, ఆమె పేరు పోతుంది. లేచాడు.

"ఆమె తప్పు లేదు సార్. బుజం నేనే మంచిగ జేసిన. పెళ్లి ఫోటోల అలవాటు."

తిట్లు తిన్నాక పటం మళ్లీ విప్పించి, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి తెర మీద పెట్టాడు. సారలమ్మ తెర దగ్గరకు పోయి అరిగిన చోట వేలు ఆనించింది. "ఈడనే," అని ఏడ్చింది. చాలాసేపు వేలు తీయలేదు.

ఇంటికొచ్చి ఇదంతా భార్య రత్నకుమారికి చెప్పాడు, తిట్లు కాస్త తగ్గించి. ఆమెది తణుకు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు బుగ్గల మీద ఇంకా ఉన్నాయి. బీరకాయ చెక్కుతూ మొత్తం వింది.

"పోనీలెండి, పటం మచ్చలు పటానికొచ్చాయి," అంది. "మన పెళ్లి ఆల్బమ్‌లో మీ పక్కన నిలబడ్డ ఆ పాలరాతి పిల్ల ఎవరండీ? నేనెక్కడున్నాను?"

ఉమామహేశ్వర్ బుర్ర గోక్కున్నాడు. ఆ అసలు ఫోటోలను ఏనాడో తీసి పారేశాడు.