నాన్న పేరు రాసిన వారం

నా చిన్నప్పుడు బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల లైన్లకు సొంత పత్రిక ఒకటి ఉండేది. అచ్చులో పడేది కాదు. మా తాతయ్య చెబుతుంటే నేను రాసేదాన్ని. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఆయనకు వేళ్లు వణికేవి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని బళ్లో పేరు. కాగితాల మధ్య కార్బన్ పెట్టి, కాపీయింగ్ పెన్సిల్‌తో గట్టిగా నొక్కి రాస్తే మూడు ప్రతులు వచ్చేవి. ఆదివారం పొద్దున్నే అమ్మ ఉడికించిన మైదా జిగురుతో ఒకటి మా రీడింగు రూము తలుపుకి, ఒకటి గోల్‌బజార్ మొదట్లో ఉన్న టీ కొట్టు గోడకి, ఒకటి ఝపటాపూర్‌లో మంగలి షాపు పక్కన అంటించేవాళ్లం.

తెలుగు పేపర్లు రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చేవి. వాటిలో మా ఊరి ఊసు ఉండేది కాదు. ఎవరి పిల్ల పరీక్ష పాసైందో, ఏ లైనులో మురుగు కాలవ పొంగిందో మా కాగితంలోనే ఉండేది. అందుకే డ్యూటీకి వెళ్లేవాళ్లు కూడా సైకిలు దిగి చదివేవారు. పదకొండేళ్ల నాకు అదంతా నా గొప్పే అనిపించేది.

ఆ ఎండాకాలం మా లైన్ల సంఘానికి కార్యదర్శి ఎన్నిక వచ్చింది. మా నాన్న నిలబడ్డాడు. ఎదురుగా నిలబడింది మా వెనక లైనులో ఉండే ఒక మేస్త్రి. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఓట్లు ఇంకో వారం ఉన్నాయనగా, బుధవారం సాయంత్రం మా నాన్న టీ కొట్టు ముందు బల్ల ఎక్కి మాట్లాడాడు. నేను తాతయ్యకు పొగాకు కొనడానికి వచ్చి అక్కడే ఆగిపోయాను.

“మన ఆడోళ్లు బిందెలట్టుకొని ఎండలో నడుత్తన్నారు. ఈ మేస్త్రేటి సేసినాడు? ఉన్న ఒక్క కుళాయినీ పీకించి తన గుమ్మం ముందు పెట్టించుకున్నాడు. ఇలాటోడికేనా మీ ఓటు?”

జనం చప్పట్లు కొట్టారు. నా ఒళ్లు పొంగిపోయింది. ఇంటికి పరుగెత్తి, తాతయ్య చెప్పకుండానే ఆ వారం పత్రికకు మొదటి వార్త నేనే రాసేశాను. ‘కుళాయిని సొంతం చేసుకున్న మేస్త్రి’ అని పైన పెద్ద అక్షరాలతో పెట్టాను.

మర్నాడు ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి తాతయ్య ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాడు.

“ఇది నువ్వు సూసినావేటి?”

“నాన్న చెప్పాడు.”

“మరి మేస్త్రి ఏటన్నాడు?”

ఆయన్ని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. తాతయ్య గొడుగు తీసుకుని పదమన్నాడు. మిట్టమధ్యాహ్నం, తారురోడ్డు చెప్పులకు అంటుకుంటోంది. వెనక లైనులో మేస్త్రి ఇంటి గోడ మీద బొగ్గుతో ‘దొంగ’ అని రాసి ఉంది. తుడిచినా పోని మరకలు. కుళాయి నిజంగానే వాళ్ల గుమ్మానికి నాలుగడుగుల్లో ఉంది. చూశారా, నాన్న అన్నది నిజమే కదా అని తాతయ్యతో అనబోయాను.

అప్పుడే మేస్త్రి భార్య పక్క వీధి నుంచి బిందె చంకన పెట్టుకుని వస్తోంది. చీర కుచ్చిళ్ల దాకా తడిసిపోయి ఉంది. ఇంటి ముందు కుళాయి పెట్టుకుని అంత దూరం ఎందుకెళ్లారని తాతయ్య అడిగాడు. ఆవిడ మా వైపు చూడలేదు. “నిన్న సాయంత్రం కాడ్నుంచీ దీన్ని ముట్టడం లేదు బావా. ముడితే నిజమే అంటారు,” అని లోపలికి వెళ్లిపోయింది.

భోజనానికి ఇంటికొచ్చిన మేస్త్రి మాకు కుర్చీ వేసి, మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగి ఒక కాగితం తీశాడు. అది రైల్వే వాళ్లకు పెట్టుకున్న అర్జీ నకలు. పాత కుళాయి దగ్గర మురుగు నీళ్లు కలిసి పిల్లలకు వాంతులు, విరేచనాలు అవుతున్నాయని, పైపు వెళ్లే దారిలో ఎక్కడైనా మార్చమని అందులో ఉంది. పైపు వాళ్ల ఇంటి ముందు నుంచే వెళ్లేది. గుమ్మంలో బురద, తెల్లారకముందే బిందెల తగువులు, అవన్నీ తెలిసే ఆయన ఒప్పుకున్నాడట. కింద రెండు లైన్ల వాళ్ల సంతకాలూ ఉన్నాయి. పైనుంచి ఐదోది మా నాన్నది. నా ప్రోగ్రెస్ రిపోర్టు మీద ఉండే సంతకమే.

తాతయ్య దాన్ని వెలుతురుకు తిప్పి చదివి, “ఇది నిన్ననే అందరికీ ఎందుకు సూపించలేదు?” అన్నాడు.

“మీ కొడుకు పరువని ఊరుకున్నాను. అయినా నన్నెవులు అడిగినారు అన్నా? అడగడానికొచ్చింది మీరొక్కలే.”

తిరిగి వచ్చాక తాతయ్య నేను రాసిన వార్తను అడ్డంగా కొట్టేశాడు.

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతుంటే తాతయ్య విషయం చెప్పాడు. సంతకం చూశాననీ, రాయబోతున్నాననీ, నాన్న ఏమంటే అదీ రాస్తాననీ చెప్పాడు. నాన్న గ్లాసు కింద పెట్టేశాడు.

“ఎప్పుడో శీతాకాలంలో ఎవులో కాయితం తెత్తే పెట్టినాను. అన్నీ గుర్తుంటాయేటి?”

“సరే, అదే రాయమంటావా?”

నాన్న ముఖం ఎర్రబడింది. “నువ్వు నా అయ్యవా, పేపరోడివా?”

“అయ్యనే. కాబట్టే ఆదివారం దాకా టైమిచ్చినాను. మేస్త్రికి నువ్వు ఒక్క గంటైనా ఇవ్వలేదు కదరా.”

ఆ తరువాతి రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. నాన్న తినబోయి లేచిపోయేవాడు. సైకిలు తీసి వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చేవాడు. నాన్న సంతకం పెట్టిన మాట నిజంగానే మరిచిపోయాడా, తెలిసే అన్నాడా అని నేను లోలోపలే కొట్టుమిట్టాడేదాన్ని. బళ్లో లెక్కలన్నీ తప్పు చేశాను. శనివారం అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి, “ఒలే, నీ సేతిలోనే ఉంది. నాన్న పేరు రాయకు. ఓట్లయిపోయాక ఏటన్నా రాసుకోండి,” అంది. అమ్మ కళ్లలో నీళ్లు చూసి తల ఊపాను.

ఆ మధ్యాహ్నం తాతయ్య చెప్పడం మొదలుపెట్టాడు. అర్జీ సంగతి, మురుగు నీళ్ల సంగతి ఉన్నదున్నట్టు రాశాను. నాన్న పేరు వచ్చేసరికి ‘కొందరు పెద్దలు కూడా సంతకం చేశారు’ అని రాసి, తాతయ్యకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన కాగితం లాక్కోలేదు. నేను చెయ్యి తీసేదాకా ఆగి, కళ్లజోడు సర్దుకుని చదివాడు. తిడతాడనుకున్నాను.

“కిందటి నెల కిరసనాయిలు కొట్టాయన కొలతలో మోసం సేత్తన్నాడని రాసినాం. పేరు రాసినామా?”

“రాశాం.”

“ఆయన కూతురు నీ క్లాసే కదూ?”

ఆ పిల్ల నా పక్కనే కూర్చునేది. ఆ వార్త అంటించాక నాలుగు రోజులు బడికి రాలేదు. వచ్చినరోజు వెనక బెంచీకి వెళ్లి తలదించుకుని కూర్చుంది. వాళ్ల నాన్న తప్పు ఒప్పుకున్నాడు, వార్తలో అబద్ధం లేదు. కానీ ఆ పేరు రాసేటప్పుడు అది ఒకరి నాన్న పేరని నాకు తట్టనే లేదు. తలకట్లు, దీర్ఘాలు దిద్దుకుంటూ ముచ్చటగా రాశాను. ఆ పిల్ల వెనక బెంచీకి ఎందుకెళ్లిందో కూడా అడగలేదు. కూర్చున్నచోట కూర్చోలేక లేచి నిలబడ్డాను.

తాతయ్య పెన్సిల్ నా ముందు పెట్టాడు. “ఇట్టం లేకపోతే ఈ వారం పత్రికే వద్దు. ‘కొందరు’ అని మాత్రం రాయకు, అమ్మీ.” అంతే చెప్పి వరండాలోకి వెళ్లిపోయాడు.

నేను చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చివరికి ఆ కాగితం చింపేసి, కొత్తవి పెట్టుకుని మొదటి నుంచీ రాశాను. నాన్న పేరు దగ్గర పెన్సిల్ ముల్లు విరిగింది. చెక్కుకుని మళ్లీ రాశాను. ఆఖరున ఎవరూ చెప్పకుండానే ఇంకో వాక్యం చేర్చాను. నాన్న చెప్పదలుచుకున్నది ఇంకా చెప్పలేదని, చెబితే వచ్చే వారం ఇదే చోట ఇంతే పెద్ద అక్షరాలతో వేస్తామని. తాతయ్య దాన్ని ఉంచేశాడు. అమ్మ జిగురు ఉడికించి, గిన్నె గుమ్మంలో పెట్టింది.

ఆదివారం టీ కొట్టు ముందు జనం చేరారు కానీ, ఎప్పటిలా పైకి చదివేవాళ్లు లేరు. నాన్న వచ్చాడు. అందరూ దారిచ్చారు. ఆయన గోడ ముందు నిలబడి ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. నేను తాతయ్య చొక్కా పట్టుకున్నాను.

టీ కొట్టు యజమాని బెంగాలీ ఆయన. తెలుగు చదవడం రాదు. గుంపు చూసినప్పుడల్లా ఏం రాశారని ఎవరో ఒకరిని అడుగుతాడు. ఆ రోజు ఎదురుగా ఉన్నది మా నాన్నే. “క్యా లిఖా హై, దాదా?” అన్నాడు కెటిల్ పట్టుకునే.

నాన్న ఏం చెప్పినా ఆయన నమ్మేవాడు. అక్కడున్నవాళ్లలో ఎవరూ కాదనేవారు కాదు కూడా. నాన్న గోడ వైపు చూశాడు, తాతయ్య వైపు చూశాడు. “హమ్ గలత్ బోలా థా,” అన్నాడు. తరువాత మావాళ్ల వైపు తిరిగి తెలుగులో, “తప్పు మాటన్నాను. గురువారమే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. కుళాయికి నాను కూడా సంతకం పెట్టినాను,” అని సైకిలు తీసుకుని వెనక లైను వైపు వెళ్లాడు. మేస్త్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సాయంత్రం మేస్త్రి భార్య తన గుమ్మం ముందు కుళాయి దగ్గరే నీళ్లు పట్టుకోవడం మాత్రం చూశాను.

నాన్న ఓడిపోయాడు. వానలు పడేదాకా తాతయ్యతో సరిగా మాట్లాడలేదు. నా మీదా కోపమే అనుకుని తప్పించుకు తిరిగాను. ఒకరోజు ఆయనే దగ్గరికి పిలిచి, “నా పేరులో దీర్ఘం మరిసిపోయినావు, సూసుకున్నావా?” అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు, కానీ నా తల మీద చెయ్యి వేశాడు. ఆ తరువాతి సోమవారం బడికి వెళ్లి నేను వెనక బెంచీలో ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, ఈ ఊళ్లోనే సుభాష్‌పల్లిలో ఉంటున్నాను. ఫోనులో ఎవరి గురించో ఏదో వస్తుంది, ఇంట్లో పిల్లలు చదివి వినిపిస్తారు. ఆ మనిషి ఏమన్నాడని అడుగుతాను. నానమ్మకు అన్నీ అనుమానాలే అని నవ్వుతారు. నవ్వనీ. ఒకరి పేరు చెడ్డగా నా నోటి దాకా వచ్చినప్పుడల్లా ఆ శనివారం మధ్యాహ్నంలాగే లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను. ఈ వయసులో మోకాళ్లు నొప్పి పెడతాయి. అయినా కూర్చోబుద్ధి కాదు.