విప్పరాని ముడులూ, మా ఆయన సైక్లింగూ

ఆ రోజుల్లో నాకు అమెరికా అంటే న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు కిటికీయే. అందులోంచి పార్కింగ్ లాటూ, దానవతల కాస్త గడ్డీ, గడ్డికవతల హైవే కనపడేవి. కారు నడపడం రాదు, డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం లేదు, పాలు కావాలన్నా మా ఆయన ఆఫీస్ నించి వచ్చేదాకా ఆగాలి. అలాంటి నేను భీమవరంలో కాలేజీకి రోజూ సైకిల్ మీద వెళ్ళొచ్చినదాన్ని! ఎదురుగాలి వీచినా, పక్కనించి రొయ్యల లారీ బురద చిమ్ముకుంటూ పోయినా కింద కాలు పెట్టేదాన్ని కాదు. మా వీధిలో నాకు 'సైకిల్ పిల్ల' అని పేరు. (ఆ పేరు పెట్టినవాళ్ళు మెచ్చుకుని పెట్టారో, విసుక్కుని పెట్టారో ఇప్పుడు ఆలోచిస్తే అనుమానమే.) ఇంత ప్రతిభ ఉన్న మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టారే అని నామీద నాకే తెగ జాలిగా ఉండేది.

అసలు మా పెళ్ళి కుదిరిందే సైకిల్ వల్ల. మా పెళ్ళిచూపులు లాప్‌టాప్‌లో అయ్యాయి. మా వరండాలో నన్ను కూర్చోబెట్టి, "మీరిద్దరూ మాట్లాడుకోండమ్మా" అని పెద్దవాళ్ళంతా లోపలికి వెళ్ళిపోయారు. (లోపలికి అంటే తలుపు చాటుకి. నాకు మా పిన్ని గాజుల చప్పుడు వినపడుతూనే ఉంది.) స్క్రీన్ మీద ఆయన, ఇటు నేను. చివరికి నేనే ధైర్యం చేసి, "మీ హాబీలేంటండీ?" అన్నాను. అంతకుముందు ఇదే ప్రశ్నకి ఒకాయన "షేర్ మార్కెట్" అన్నాడు, ఇంకొకాయన "స్లీపింగ్" అని తన జోక్‌కి తనే నవ్వుకున్నాడు. ఈయన మాత్రం కాసేపు స్క్రీన్‌కేసి కళ్ళప్పగించి చూసి, "సైక్లింగ్" అన్నారు. అంతే, మిగతా ప్రశ్నలన్నీ మర్చిపోయాను. ఇద్దరం రెండు సైకిళ్ళ మీద అమెరికా అంతా తిరుగుతున్నట్టు ఆ రాత్రే కల కూడా వచ్చింది.

తీరా వచ్చాక చూస్తే, ఈయన సైక్లింగ్ మాటల్లో తప్ప ఎక్కడా కనపడదు. మా కాంప్లెక్స్ ఖాళీ చేసి వెళ్ళిపోతున్నవాళ్ళ దగ్గర రెండు సైకిళ్ళు తీసుకున్నాం. వాటిని తొక్కడానికి మాత్రం ముహూర్తం కుదరదు. ఒక వారం టైర్లో గాలి లేదు, ఒక వారం మోకాలు పట్టేసింది, ఒక వారం "హెల్మెట్ ఫిట్ అవ్వట్లేదు" అన్నారు. నేనొక్కదాన్నే పార్కింగ్ లాట్‌లో రౌండ్లు కొడుతుంటే కార్లు ఆపి మరీ "ఆర్ యూ ఓకే?" అని అడిగేవారు. చుడీదార్ వేసుకుని కార్ల చుట్టూ తిరిగే మనిషి దారి తప్పిందనుకున్నారో, మతి తప్పిందనుకున్నారో మరి.

ఆ ఎండాకాలం లాంగ్ వీకెండ్‌కి నేనే పట్టుబట్టి ఉత్తరాన ఉన్న మేన్ రాష్ట్రానికి ప్రయాణం పెట్టాను. అక్కడ అకేడియా నేషనల్ పార్క్‌లో, అడవిలో, చెరువుల పక్కన, అసలు కార్లే రాని రోడ్లున్నాయని చదివాను. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో! ఆ రోడ్డు మీద ఒక్కసారి సైకిల్ తొక్కితే చాలు, ఇంకో ఏడాది కిటికీ దగ్గర కూర్చోమన్నా కూర్చుంటాననుకున్నాను. మా ఆయన కూడా సరేనన్నారు గానీ ఆయన ఉత్సాహం వేరు. "సైకిళ్ళదేముంది, ఎక్కడైనా తొక్కొచ్చు. అక్కడ మూస్ ఉంటుందట! దుప్పుల్లోకెల్లా పెద్దది, గుర్రం కన్నా ఎత్తు. అది చూడాలి" అన్నారు.

సైకిళ్ళు కారు వెనక రాక్‌కి కట్టే పని మా ఆయన మా ఎదురింటి వరంగల్ అన్నయ్యకి అప్పగించారు. మా కాంప్లెక్స్‌లో ఎవరు సోఫా కొన్నా, పరుపు కొన్నా కారు మీద పెట్టి కట్టడానికి ఆయన్నే పిలిచేవారు. అందుకే ఆయన పేరు తాళ్ళన్న. నీలం నైలాన్ తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చి, ఓ గంటసేపు ముడి మీద ముడి వేసి, చివర్న రాక్‌ని పట్టుకుని కారంతా ఊపి చూపించాడు. "తుఫానొచ్చినా కదల్దు చెల్లె" అన్నాడు. నేను పొంగిపోయి ఇంకో కప్పు టీ ఇచ్చాను.

దారంతా చూడాల్సినవే. రోడ్డు పక్కన తాటిచెట్టంత ఎండ్రకాయ బొమ్మ ఒకటి (లాబ్‌స్టర్‌ని ఎండ్రకాయ అంటే మా ఆయన ఒప్పుకోరు), నీలంరంగు వేసిన గుండ్రటి కొట్టు ఒకటి, బ్లూబెర్రీ ఆకారంలో. ప్రతిచోటా దిగి ఫోటో తీసుకోవడమే. మూస్ బొమ్మ ఉన్న హెచ్చరిక బోర్డు కనపడినప్పుడల్లా మా ఆయన కారు స్లో చేసి అడవిలోకి తొంగి చూసేవారు, బోర్డు పెట్టారు కాబట్టి అది అక్కడ డ్యూటీలో ఉంటుందన్నట్టు. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు మా సైకిళ్ళని చూసి, "గ్రేట్ డే ఫర్ ఎ రైడ్!" అనేవారు. ఈయన చెమట తుడుచుకుంటున్నట్టు నుదురు తుడుచుకుని, "యెస్ యెస్, వండర్‌ఫుల్!" అనేవారు. పక్కన నేను పళ్ళు నూరుకునేదాన్ని.

అకేడియా చేరాం. మొదటిరోజు సైకిళ్ళు విప్పుదామంటే ఆయన ముడుల చుట్టూ ప్రదక్షిణం చేసి, ఒక కొస లాగి, "తాళ్ళన్న గట్టిగా కట్టేశాడోయ్, రేపు చూద్దాం" అన్నారు. మర్నాడు నేను గోళ్ళతో, ఫోర్క్‌తో, హెయిర్ పిన్‌తో ప్రయత్నించాను. గోళ్ళు విరిగాయి గానీ ముడి మాత్రం నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. అన్నయ్యకి ఫోన్ చేద్దామంటే అడవిలో సిగ్నల్ లేదు. ఆ కార్లు రాని రోడ్ల మీద అందరూ, ముసలివాళ్ళూ, మూడేళ్ళ పిల్లలూ, వెనక బుట్టలో కుక్కల్ని కూర్చోబెట్టుకున్నవాళ్ళూ రివ్వున పోతున్నారు. మేం మాత్రం వాళ్ళకి దారిచ్చుకుంటూ నడిచాం. సైకిళ్ళు పార్కింగ్ లాట్‌లో సముద్రం చూస్తూ నిలబడ్డాయి.

ఆ సాయంత్రం మా ఆయన మూస్ కోసం ఎక్కడో లోపలి అడవుల్లోకి తీసుకెళ్ళారు. ఒక చెరువు గట్టున పదిమంది బైనాక్యులర్లతో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. దోమలు మా ఇద్దరినీ పంచుకుని తింటున్నాయి. చాలాసేపటికి అవతల గట్టు నించి ఒక నల్లటి ఆకారం నెమ్మదిగా నీళ్ళలోకి దిగి, తల ముంచి, నోటినిండా నాచు పీక్కుని, నములుతూ మాకేసి చూసింది. అందరూ "వావ్" అని గుసగుసలాడారు. నేను, నాకు తెలీకుండానే పైకి, "ఏవండీ, ఇది మన గేదే కదూ!" అనేశాను. అది చెవులాడించి, తిరిగి చూడకుండా అడవిలోకి వెళ్ళిపోయింది. పదిమందీ నాకేసి చూసిన చూపు ఇంకా గుర్తుంది. మా ఆయన కారెక్కేదాకా నాతో పరిచయం లేనట్టు నడిచారు.

ఆఖరి రోజు పొద్దున్నే కొండ మీదికి వెళ్ళాం. ఆయన సముద్రాన్ని ఫోటో తీసుకుంటుంటే నా ఫోన్‌లో సిగ్నల్ గీతలు కనపడ్డాయి. పక్కకి వెళ్ళి తాళ్ళన్నకి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఈ సైకిళ్ళు విప్పాలంటే ముందు ఏ కొస లాగాలి?"

"ఇప్పుడు విప్పుతరా? అదేంది చెల్లె, అస్సలు విప్పరాకుండ గట్టమన్నడు గద మీ ఆయన! 'అన్నా, వచ్చినంక నువ్వే విప్పాలె, నడుమ ఎవ్వరితోని కావద్దు' అని ఒకటికి రెండుసార్లు చెప్పిండు."

వెనక్కి తిరిగి, కారు వెనక నీలం ముడులకేసి చూశాను.

"నీకు తెల్వదా?" అన్నాడు గొంతు తగ్గించి. "అయ్యో... నేను చెప్పిన్నని చెప్పకు చెల్లె."

కొండ దిగుతున్నంతసేపూ కారు కిటికీలోంచి బయటికే చూశాను. అంటే ఈ మనిషికి నాతో కలిసి తిరగడం ఇష్టం లేదన్నమాట. పార్సిప్పనీ కిటికీ దగ్గరే నేను ఉండిపోవాలన్నమాట. ఇంత దూరం నన్నూ నా సైకిల్నీ తీసుకొచ్చింది ఊరేగించడానికా? ఏడుపొచ్చింది, ఏడుపుని మించి కోపమొచ్చింది. కార్లు రాని రోడ్డు మొదలయ్యే చెరువు దగ్గర కారాపి ఆయన రెస్ట్‌రూమ్ లైన్లోకి వెళ్ళగానే, తిండి సంచీలోంచి కూరగాయల కత్తి తీశాను. తాళ్ళన్న గంటసేపు కట్టిన కట్టు నా చేతుల్లో ఎంతసేపు ఆగిందో చెబితే ఆయన బాధపడతాడు. నా సైకిల్ దింపుకుని, చున్నీ నడుముకి బిగించి, ఎక్కి తొక్కాను.

ఎంత బావుందో చెప్పలేను. కంకర రోడ్డు, రెండువైపులా పొడుగాటి చెట్లు, చెట్ల మధ్య నీళ్ళ మెరుపు, మొహానికి చల్లటి గాలి. ఏడాదిగా ఎక్కడో పెట్టి మర్చిపోయిన నా కాళ్ళు నాకు మళ్ళీ దొరికాయి. రాతి వంతెన దాటాక ఒక జింకా, దాని పిల్లా రోడ్డుకి అడ్డంగా నిలబడి కనపడ్డాయి. ఈసారి నోరు మూసుకున్నాను. అవి నన్ను చూశాయి, నేను వాటిని చూశాను, తీరిగ్గా పొదల్లోకి నడిచిపోయాయి. అప్పుడు ఆ కోపంలోనే, ఆ సంతోషంలోనే, పక్కకి తిరిగి "చూశారా!" అన్నాను. పక్కన ఎవరూ లేరు. ఇంకాస్త దూరం తొక్కాను గానీ ఆ మాట చెప్పుకోడానికి మనిషి లేని వెలితి వదల్లేదు. తిట్టడానికైనా ఆయనే కావాలి కదా అని వెనక్కి తిరిగాను.

ఆయన పార్కింగ్ లాట్ అంచున కూర్చుని ఉన్నారు. తెగిన నీలం తాళ్ళు కాళ్ళ దగ్గర. రెండో సైకిల్ని కిందికి దింపి, ఎవరో కాసేపు చూడమని ఇచ్చిన చంటిపిల్లని పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోపే, "నాకు రాదు" అన్నారు.

"ఏం రాదు?"

"సైకిల్ తొక్కడం."

చిన్నప్పుడు వాళ్ళ నాన్నమ్మ పడతావని తొక్కనివ్వలేదట. పెద్దయ్యాక నేర్చుకోడానికి సిగ్గేసిందట. "మరి ఆరోజు సైక్లింగ్ అని ఎందుకు చెప్పారండీ?" అని గట్టిగానే అడిగాను.

"ఏం చెప్పాలో తోచలేదోయ్. నీ వెనకాల వరండా గోడకి ఆనించిన సైకిల్ కనపడింది. అది చెబితే నీకు నచ్చుతాననిపించింది" అన్నారు తలెత్తకుండా. "తర్వాత చెబుదామనుకుంటూనే ఉన్నాను. చెబితే, అబద్ధాలాడి చేసుకున్నాననుకుంటావని భయమేసింది."

తిడదామని దారంతా మాటలు కూర్చుకునే వచ్చాను గానీ, మూడురోజులుగా ముడుల చుట్టూ తిరిగిన ఆ మనిషిని చూస్తే నవ్వూ, జాలీ, ఇంకేదో కూడా వచ్చాయి. ప్రేమే అయ్యుంటుంది. కొత్త కాబట్టి గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. "లేవండి, ఎక్కండి" అన్నాను.

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్ళకి ఉచిత వినోదం. ఆరడుగుల మనిషి సైకిల్ మీద బిగుసుకుపోయి, "వదలకు, వదలకు" అని అరవడం. సీటు పట్టుకుని వెనక చెప్పులతో నేను పరిగెత్తడం. "ముందుకి చూడండి, చక్రంకేసి కాదు!" "పట్టుకున్నావా?" "పట్టుకున్నాను!" "ప్రామిస్?" "ప్రామిస్!" ఇలా ఎన్ని చుట్లు తిరిగామో. కుక్కని బుట్టలో పెట్టుకున్న ముసలి దంపతులు తమ సైకిళ్ళు ఆపి మరీ నిలబడ్డారు. రోడ్డు కాస్త వాలుగా ఉన్నచోట, నాకు ఆయాసమొచ్చి, సీటు వదిలేశాను. ఆయన వెళ్ళిపోతున్నారు. "పట్టుకున్నావా?" అని వినపడింది. "పట్టుకునే ఉన్నాను, మీరు తొక్కండి!" అని అక్కణ్ణించే అరిచాను. నా గొంతు దూరంగా వినపడేసరికి అనుమానమొచ్చి వెనక్కి తిరిగారు. ఆ క్షణంలో ఆ మొహంలో కనపడిన భయమూ, ఆనందమూ నాకిప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. బ్రేకుల సంగతి ఇంకా నేర్పలేదు కాబట్టి తిన్నగా వెళ్ళి బ్లూబెర్రీ పొదల్లో ఆగారు. ముసలి దంపతులు చప్పట్లు కొట్టారు. కుక్క కూడా మొరిగింది.

తాళ్ళు పోయాయి కాబట్టి సైకిళ్ళు మళ్ళీ కట్టే మార్గం లేదు. చక్రాలు ఊడదీసి, అన్నీ కారులోకే తోసి, ఒక హ్యాండిల్ ఒళ్ళో పెట్టుకుని నేను న్యూజెర్సీ దాకా వచ్చాను. దించుతుంటే తాళ్ళన్న వచ్చి, "నా తాళ్ళేవి చెల్లె?" అన్నాడు. మా ఆయన నాకేసి చూశారు, నేను ఆకాశంకేసి చూశాను.

ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకు ఉద్యోగముంది, సొంత కారుంది, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. కానీ నా సైకిల్ గరాజ్‌లో పిల్లల పాత బొమ్మల వెనక ఉంది, టైర్లో గాలి లేదు. (ఈ మాట అంటున్నది ఇప్పుడు నేను!) కూరగాయల కత్తితో తాళ్ళు కోసిన ఆ పిల్ల ఎదురుపడితే నన్ను చూసి ఏమంటుందో గానీ, మెచ్చుకోదని మాత్రం తెలుసు. మా ఆయనేమో శనివారాలు తెల్లవారగానే బిగుతు నిక్కరు తొడుక్కుని, మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ గుంపుతో మైళ్ళకి మైళ్ళు తొక్కొస్తారు. చిన్నప్పట్నించీ అలవాటని వాళ్ళకి చెప్పుకున్నారట. "అమ్మా, డాడీ చిన్నప్పుడు సైకిల్ రేస్ విన్ అయ్యారా?" అని మా అమ్మాయి అడిగితే, "డాడీనే అడుగు" అంటాను.

"నువ్వూ రాకూడదూ?" అని ఆయన ప్రతి శనివారం అడుగుతారు. వచ్చే వారం అంటాను. ఆయన సైకిలెక్కి, డ్రైవ్‌వే చివర వీధిలోకి తిరిగేముందు, ఇన్నేళ్ళయినా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తారు. ఎందుకలా చూస్తారో ఆయనకి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. గరాజ్ తలుపు దగ్గర, రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుని, "పట్టుకునే ఉన్నాను, మీరు తొక్కండి" అంటాను.