మంచి చిలక ఫిల్ము

అమలాపురంలో దేవసహాయం ఎక్స్‌రే గదికి వెళ్లినవాళ్లకి ముందు వినబడేది చిలక గొంతే. "ఊపిరి బిగబట్టండి!" అని పంజరంలోంచి అది అరిస్తే, బల్ల మీది మనిషి ఠక్కున బిగబట్టేవాడు, దేవసహాయం మీట నొక్కేవాడు. జీతం లేని నౌకరీ పాపం ఆ చిలకది. జీతానికి బదులు అతని భార్య సరోజిని రోజూ తన పకోడీల్లో సగం దానికి పెట్టేది. వాళ్లకి పిల్లల్లేరు.

ఎనభై రెండులో చిలకకి ఆయాసం పట్టుకుంది. పంజరంలో కర్రమీదికి ఎక్కినా తోక ఊగిపోయేది. సరోజినికి అన్నం సయించలేదు.

"ఊళ్లోవాళ్లందరికీ తీస్తారు కదండీ, దీనికి తియ్యరా?" అంది.

తీశాడు. ఊరందరికీ చెప్పే చిలక తన వంతు వచ్చేసరికి ఊపిరి బిగబట్టలేదు. మొదటి ఫిల్ము చెదిరిపోయింది, రెండోదాంట్లో గుండె కనబడింది. పశువుల డాక్టరు ధర్మరాజుగారు దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు.

"పెద్దదేననిపిస్తుందండి. కాని జబ్బులేని మంచి చిలకకి ఎంతుంటుందో నాకూ తెలీదు. పక్కన పెట్టి చూసుకోడానికి అలాంటిదాని ఫిల్మొకటుంటే మందు ధైర్యంగా ఇవ్వొచ్చండి" అన్నారు.

కొబ్బరికాయలు దించే సింహాద్రికి కబురు వెళ్లింది. మోడుకొబ్బరి తొర్రలోంచి ఒకదాన్ని పట్టి గోనెసంచిలో తెచ్చాడు. నిగనిగలాడే చిలక, వచ్చీరాగానే దేవసహాయం వేలు కొరికింది. దాని బలం చూసి అతనికి సంతోషమేసింది. ఈసారి ఫిల్ము చెదరకూడదని రెక్కలు చాపి ప్లాస్టరు అంటించాడు, రొమ్ము మీదుగా కూడా ఓ పట్టీ బిగించాడు. మనుషులకి తీసి తీసి అలవాటైన చెయ్యి. రొమ్ము లేచి పడితేనే పిట్టకి గాలి ఆడుతుందని అతనికి తట్టలేదు.

మీట నొక్కి పట్టీ విప్పేసరికి చిలక తల వాలిపోయింది.

"మళ్లీ తొర్రలోనే వదిలేద్దామన్నారు కదండీ" అన్నాడు సింహాద్రి.

దేవసహాయం చీకటిగదిలోకి వెళ్లి ఫిల్ము కడుగుతూ ఏడ్చాడు. అంత స్పష్టమైన ఫిల్ము అతని చేతిమీద ఎన్నడూ రాలేదు. గుండె చిన్నగా, అంచులు గీసినట్టుగా ఉంది. దాని పక్కన పెడితే సరోజిని చిలక గుండె ఎంత ఉబ్బిపోయిందో ఎవరికైనా తెలుస్తుంది. ధర్మరాజుగారు చుక్కల మందిచ్చారు, పకోడీలు మాన్పించారు. చిలక మరుసటి వానాకాలం దాకా బతికింది.

ఆ తరవాత ఆ ఇంట్లో పంజరం లేదు. కాని సంగతి తెలిసి రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ చిలకల్ని తెచ్చేవారు. దేవసహాయం రెక్కలకి తప్ప ప్లాస్టరు వేసేవాడు కాదు. తీసిన ప్రతి ఫిల్ము పక్కనా ఆ మంచి చిలక పాత ఫిల్ముని పెట్టి చూసేవాడు.

ఓసారి కొత్తపేట బంగారరాజు తన చిలకని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని ఆ ఫిల్మునే చూస్తూ, "ఇది మీ చిలకదాండీ?" అన్నాడు.

"కాదండి. మా చిలక కోసం పట్టించిన చిలకదండి. రొమ్ము నొక్కేసేను, నా చేతుల్లోనే పోయింది."

బంగారరాజు గబుక్కున గుప్పిట వదులు చేశాడు.