ఒక బటన్ ఎడమకు

ఆ కీబోర్డుకు మరలు తొమ్మిది. ఏడు పైకి కనిపించేవి, రెండు అడుగున అతికించిన రబ్బరు కాళ్ల కింద దాగినవి. ఆ రెండింటినీ కనిపెట్టగలిగినందుకు ఆ ఆదివారం మధ్యాహ్నం నాకు చాలా గర్వంగా అనిపించింది. దాన్ని విప్పాల్సిన అవసరం మాత్రం ఏమీ లేదు. అది బాగానే పనిచేస్తూ ఉండింది.

తొంభైల చివర్లో సంగతి. నేను నంద్యాలలో పాలిటెక్నిక్ చదువుతున్నాను, ఎలక్ట్రానిక్స్, రెండో సంవత్సరం. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చి, సోమవారం పొద్దున తిరిగి పోయేవాణ్ణి. మా ఇల్లు, పెదనాయన ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. పెదనాయన కూతురు నాకంటే ఏడేళ్లు పెద్ద. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఊనుకుని నడుస్తుంది. ఇంటర్ పాసై, ఊళ్లోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. ఆ బడిలో టీచర్లు క్లాసులో కూర్చోకూడదు. రోజుకు ఏడు పీరియడ్లు నిలబడి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎడమ మోకాలు వాచేది, రెండు కాళ్ల బరువూ దానిమీదే కాబట్టి. వేడినీళ్ల గుడ్డ చుట్టుకుని నోటుబుక్కులు దిద్దేది.

అందుకే ఆమె కోరిక ఒక్కటే: కూర్చుని చేసే ఉద్యోగం. నంద్యాలలో ఒక ఆసుపత్రి ఆఫీసులో కంప్యూటర్ మీద ఉత్తరాలు కొట్టే మనిషి కావాలని మా చర్చిలో ఒకాయన చెప్పాడు. టైపు వస్తే చాలు, మిగతాది వాళ్లే నేర్పుకుంటారట. పరీక్షకు నాలుగు నెలల గడువు ఉంది. ఊళ్లో ఉన్న ఒక్క టైపు ఇన్‌స్టిట్యూట్‌కు ఇనుప మెట్లు నిటారుగా ఉండేవి. అక్క ఒక రోజు పోయి, కింద నిలబడి మెట్లు లెక్కపెట్టి తిరిగొచ్చింది.

అప్పుడు నేనే ఉపాయం చెప్పాను. మా ఇంట్లో టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ ఒకటి ఉంది, నేను పదో తరగతిలో ఉండగా కొన్నది. రెండు జాయ్‌స్టిక్కులు, ఒక గన్, నాలుగు క్యాసెట్లు. దానికి గన్ గుచ్చే చోటే గుచ్చుకునే కీబోర్డు ఒకటి నంద్యాల బస్టాండు సందులో ఒక అంగట్లో వేలాడుతుంటే చూశాను. దాంతోపాటు టైపు నేర్పే క్యాసెట్ కూడా ఇస్తారు. అసలు ఆ గేమ్ మిషన్‌ను కనిపెట్టిన కంపెనీ ఇలాంటి కీబోర్డు చెయ్యలేదు, చెయ్యమని ఎవరికీ అనుమతీ ఇవ్వలేదు. డబ్బా మీద ఆ కంపెనీ పేరే ఉంది, మధ్యలో ఒక అక్షరం మాత్రం తేడా. మా గేమ్ మిషనే నకలు, ఇది ఆ నకలుకు తోడు. అదంతా నాకు తెలుసు.

పెదనాయన నాతో అంగడికి వచ్చాడు. డబ్బాను తిప్పి తిప్పి చూశాడు.

"ఇది కంప్యూటరేనాప్పా?"

"టీవీకి తగిలిస్తే కంప్యూటరు, పీకేస్తే ఆట," అన్నాడు అంగడాయన.

"గ్యారంటీ?"

"ఈ గడప దాటేదాంక."

"అంతేనా?"

"దీన్ని చేసినోనికే గ్యారంటీ లేదన్నా. నీకేమని రాసిచ్చేది?"

పెదనాయన నావైపు తిరిగాడు. "నువ్వేమంటావురా? చదువుతాండేది నువ్వు." నేను మంచిదేనన్నాను.

మా ఇళ్లల్లో కొత్త వస్తువు ఏది వచ్చినా, మిక్సీ అయినా సైకిలైనా, ముందు దానిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. పెదనాయన చర్చిలో పెద్ద కాబట్టి ఆ పని ఆయనదే. ఆ సాయంత్రం కీబోర్డు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. అక్క మరుసటి రోజే మొదలుపెట్టింది. తెర పైనుంచి అక్షరాలు ఒక్కొక్కటే రాలుతుంటాయి, నేల తాకేలోపు ఆ బటన్ నొక్కాలి. పక్కన టైపు నేర్పే పాత పుస్తకం ఒకటి పెట్టుకుంది. ఏ వేలికి ఏ అక్షరమో అందులో బొమ్మ వేసి ఉంది.

మూడో వారం నేను మరలు విప్పాను.

ఆడవాళ్లంతా చర్చిలో మీటింగుకు పోయారు. లోపల ఏముందో చూద్దామని మాత్రమే విప్పాను. బటన్ల కింద పలుచని ప్లాస్టిక్ కాగితాలు, వాటిమీద నల్లగీతలు. ఆ గీతల గుండానే కరెంటు పోతుంది. ఈ నల్లగీత మీద సోల్డర్, అంటే వైర్లు అతికించే సీసం, అంటుకుంటుందా అని నాకొక సందేహం వచ్చింది. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి మొన తాకించాను. అంటుకోలేదు. కాగితానికి బఠానీ గింజంత చిల్లు పడింది. ఆ చిల్లు పడింది ఇంగ్లీషు మొదటి అక్షరం ‘ఎ’ కిందే.

గంటన్నరలో దానికొక దారి వెతికాను. పాత రేడియోలో ఉన్న చిన్న స్విచ్ తీసి, వైర్లు నేరుగా సర్క్యూట్ బోర్డుకు సోల్డర్ చేశాను. కానీ ఆ స్విచ్‌ను ‘ఎ’ కిందే పెట్టాలంటే అక్కడ ప్లాస్టిక్‌ను తొలవాలి, తొలిస్తే పక్క అక్షరాల గీతలు కూడా తెగుతాయి. దానికి ఎడమపక్క, అంచున ఉన్న బటన్ కింద గీతలు లేవు. అది పెద్దక్షరాల బటన్. అసలు కంప్యూటర్లో దాన్ని ఒకసారి నొక్కితే ఆ తర్వాత పడేవన్నీ పెద్దక్షరాలే, మళ్లీ నొక్కితే చిన్నవి. మా గేమ్ మిషన్లో చిన్నక్షరాలే లేవు కాబట్టి ఆ బటన్‌తో పనే లేదు. ఆ చోట స్విచ్ పెట్టి, ‘ఎ’ మూతను తీసి దానికి తొడిగాను. అసలు ‘ఎ’ ఉండాల్సిన చోట పనికిరాని బటన్‌ను పెట్టాను. మరలు తొమ్మిదీ బిగించాను.

సాయంత్రం అక్క చూడగానే పట్టుకుంది.

"ఏందిరా, ఇది పక్కకొచ్చింది?"

"లోపల లైను తెగిందిక్కా. కంపెనీ సరుకే అట్లాంటిది. నేను వేరే లైన్లో ఇచ్చినా."

"పుస్తకంలో ఈడ గదా ఉండేది?"

"అది టైపుమిషన్ బొమ్మ. కంప్యూటర్లో ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా పెడతాది."

"మరి నంద్యాల ఆఫీసులో?"

"ఆడ గూడా ఇట్లే ఉంటాదిలే."

మూడు ప్రశ్నలు, మూడు అబద్ధాలు. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ రాత్రి భోజనాల ముందు పెదనాయన ప్రార్థనలో, చెడిపోయిన యంత్రాన్ని బాగుచేసిన చేతులను దీవించమన్నాడు. నేను ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాను. ఆమెన్ అందరితోపాటే అన్నాను.

పరీక్షకు ముందు చెప్పేస్తాలే అనుకున్నాను. ఇంకా మూడు నెలలకు పైగా ఉంది. కానీ ప్రతి శనివారం నేను వచ్చేసరికి అక్క వేగం పెరిగి ఉండేది. పెరిగేకొద్దీ చెప్పడం కష్టమైంది. ఇప్పుడు చెబితే నేర్చుకున్నది మరిచి మళ్లీ నేర్చుకోవాలి, ఎందుకని అడుగుతుంది, అప్పుడు చిల్లు సంగతి చెప్పాలి. అక్కేమో తన చేతులు కనబడకుండా న్యూస్‌పేపర్ అడ్డం పెట్టమని మా అమ్మను అడిగేది.

"చూడకుండా కొడతాండా చూడు చిన్నమ్మా!"

"చూడకుండా వంట గూడా చెయ్యి తల్లీ, ఉప్పు నేను చూసుకుంటా," అనేది మా అమ్మ, పేపర్ పట్టుకుని.

పేపర్ కింద ఆమె ఎడమ చిటికెనవేలు ప్రతిసారీ ఒక బటన్ అవతలికి సాగి, సరిగ్గా అక్కడే పడేది.

పరీక్ష ఈస్టర్‌కు ముందు సోమవారం. అక్క ఆళ్లగడ్డ నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. నేను బస్టాండులో ఎదురుచూశాను. చెప్పడానికి నాకు మూడు అవకాశాలు దొరికాయి. బస్టాండులో టీ తాగేటప్పుడు ఒకటి. ఆటోలో రెండోది. ఆసుపత్రి గేటు దగ్గర ఆమె ఆగి, చెప్పు సరిచేసుకుని, "అంతా బాగుంటాది గదరా?" అని అడిగినప్పుడు మూడోది. "‘ఎ’ ఒక బటన్ కుడికి ఉంటాదక్కా" అంటే సరిపోయేది. నేను "బాగుంటాదిక్కా" అన్నాను.

పరీక్ష పది నిమిషాలు, ఒక పేజీ. నేను వరండాలో నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చినప్పుడు ముఖం చూడలేదు, చెయ్యి చూశాను. ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో పట్టుకుని ఉంది.

ఆటోలో చెప్పింది. "ఉన్నట్టుండి పెద్దక్షరాలు పడతాండాయిరా. మళ్లా చిన్నవి. మళ్లా పెద్దవి. ‘ఎ’ ఒక్కటీ పడలే. చేతులు చూడకుండా కొట్టాల గదా అని నేను చూడనేలే. నేనేం తప్పు చేసినా?"

"కంగారు పడింటావు."

"కంగారు పడలేదురా. అదే చెప్తాండేది. నేనేం కంగారు పడలే."

బస్సు కదిలేముందు కిటికీలోంచి ఆమే దారి చెప్పింది. "నువ్వు రేపు పోయి అడగరాదా? వాళ్ల మిషన్ వేరే తీరు, మాది వేరే తీరు, అని చెప్పు. చదువుకున్నోనివి, నువ్వు చెప్తే వింటారు. ఇంకోసారి కూర్చోనిస్తారేమో."

పోయాను. ఆఫీసులో పెద్దాయన అక్క కొట్టిన కాగితం తీసి చూపించాడు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అలలు అలలుగా ఉన్నాయి. ఎక్కడ ‘ఎ’ ఉండాలో సరిగ్గా అక్కడ అల మారుతోంది. మిగతా అక్షరాల్లో తప్పులు ఎన్నున్నాయో నిలబడే లెక్కపెట్టాను. రెండు.

నేను చెప్పింది ఆయన ఓపికగా విన్నాడు. "కీబోర్డులో తేడా ఉంటే అమ్మాయి తప్పేముంది? శుక్రవారం గుడ్ ఫ్రైడే, ఆఫీసు మూసుంటుంది. శనివారం పదింటికి ఆ కీబోర్డు పట్టుకుని అమ్మాయిని తీసుకురా. మా ఎలక్ట్రీషియన్ ఉంటాడు, విప్పి చూస్తాడు. నువ్వు చెప్పింది నిజమైతే మళ్లీ కూర్చోబెడతా. సోమవారం దాకా ఎవరికీ ఇవ్వను."

బయటికి వచ్చి చెట్టు కింద నిలబడి ఆలోచించాను. ఎలక్ట్రీషియన్ విప్పుతాడు. అక్క పక్కనే ఉంటుంది. చిల్లు చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగు తేలి ఉంది. అది ఫ్యాక్టరీలో జరిగింది కాదని సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న ఎవడైనా చెబుతాడు. నా స్విచ్, నా వైర్లు, నా సోల్డర్. అప్పుడు నా వయసు పద్దెనిమిది. ఇది సాకు కాదు, వివరం.

గురువారం ఇంటికి పోయి చెప్పాను. "పోస్టు ఇచ్చేసినారంటక్కా."

"అప్పుడేనా? ఎవరికి?"

"ఎవరో నంద్యాలామెకంట."

అక్క కీబోర్డు వైరు పీకి చుట్టింది. "బాగా కొడతాదేమోలే," అంది.

తర్వాత తొమ్మిదేళ్లు ఆమె అదే బడిలో నిలబడింది. నేను డిప్లొమా ముగించి కంప్యూటర్లు రిపేరు చేసే పనిలో చేరాను. కీబోర్డులు ఎన్నో విప్పాను. బాగున్నదాన్ని మాత్రం మళ్లీ ఎన్నడూ విప్పలేదు.

తొమ్మిదో ఏడు ఎడమ మోకాలు పూర్తిగా మొరాయించింది. చూపించడానికి నేనే అదే ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, నిలబడే పని ఇంకానా, ఎప్పుడో మానాల్సింది అన్నాడు. మందుల చీటీ కోసం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా ఆ ఆఫీసు తలుపు. లోపల ఎవరో టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అక్క దాన్ని వింటున్నట్టే ఉంది.

అప్పుడు చెప్పాను. వరసగా చెప్పాను, మరలు విప్పడం నుంచి చెట్టు కింద నిలబడటం దాకా. ఏదీ వదల్లేదు, ఏదీ తగ్గించలేదు. ఆమె తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, ఎప్పటి మాటలేరా అంటుందని కూడా అనుకున్నాను. ఆమె ఆ మూడింట్లో ఒక్కటీ చెయ్యలేదు. ఒక్క విషయం అడిగింది.

"రమ్మనింది ఎప్పుడు?"

"శనివారం. పదింటికి."

"ఈస్టర్ ముందు శనివారమా?"

"ఆ."

అక్క మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, ఆ రోజును వెతుకుతున్నట్టు కాసేపు నేలవైపు చూసింది.

"ఆ పొద్దు బడి లేదురా నాకు," అంది. "పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉంటి. పండక్కని అందరి గుడ్డలూ ఉతికినా. నీ తెల్ల చొక్కా గూడా."