తొమ్మిదో తరగతి దుబాసీ

హిందీ మాట్లాడే ఊళ్ళో, బర్మామైన్స్ అనే పేటలో మాది. మా సందులో తెలుగు అమ్మలందరికీ బడి దగ్గర దుబాసీలం పిల్లలమే. పేరెంట్స్ మీటింగ్ రోజున పక్కన నిలబడి, మేడమ్ హిందీలో అన్నది తెలుగులో చెప్పాలి. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటే అబద్ధాలాడతారని అమ్మలు ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. దీని గురించి అది చెప్పాలి, దాని గురించి ఇది చెప్పాలి. తమ తెలివికి తామే తెగ మురిసిపోయేవారు.

నా వంతుకు వచ్చింది పక్కింటి పిన్ని. ఆమె కూతురూ నేనూ ఒకే బెంచీ. నా గురించి మా అమ్మకి అది చెప్పేది, దాని గురించి పిన్నికి నేను చెప్పేదాన్ని. పిన్ని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నాలుగేళ్ళే అయింది. కూరగాయలు బేరమాడడం వరకే ఆమె హిందీ. బాబాయిది ప్లాంటులో కాంట్రాక్టు పని, షిఫ్టు వదిలి బడికి రావడం కుదరదు. ఆయన డ్యూటీ దిగి కళ్ళు మూతలు పడుతున్నప్పుడు రిపోర్టు కార్డు ముందు పెట్టి సంతకం చేయించుకునేది నా స్నేహితురాలు.

దానికి లెక్కలు రావు. రావంటే బొత్తిగా రావు. ఎవరి నడకనైనా, మాటనైనా ఇట్టే దింపేసేది గానీ, లెక్కల పుస్తకం తీస్తే చెమటలు పట్టేవి. తొమ్మిదో తరగతి తప్పితే చదువు మానిపించేస్తానని బాబాయి ఏడాది మొదట్లోనే తేల్చి చెప్పేశాడు.

జూలైలో మొదటి మీటింగు. క్లాస్ టీచర్ కాగితం చూస్తూ గబగబా హిందీలో చెప్పుకుపోయింది. లెక్కల్లోనూ సైన్సులోనూ తప్పిందట. పదో తరగతి ఫలితాలు పాడవకూడదని, తొమ్మిది తప్పినవాళ్ళని ఈ బడిలో ఉంచరట. ఇప్పుడే ట్యూషన్ పెట్టించమంది.

"ఏటంతన్నారే?" అంది పిన్ని.

వెనక నుంచి నా స్నేహితురాలు నా వేళ్ళు నలిపేసింది. "మత్ బోల్ యార్, ప్లీజ్" అని, చెప్పొద్దని బతిమాలుతూ గొణిగింది.

నాకు ముక్కు మీద కోపం. ఆ మేడమ్ అంటే మొదటి నుంచీ పడదు. మా అమ్మల హిందీ వినగానే ఆవిడ మూతి ఓ పక్కకి పోయేది. ఈవిడ ముందు పిన్ని తల దించుకోవాలా అని ఒళ్ళు మండింది.

"బాగానే సదువుతందంట పిన్నీ. మేథ్స్ కొంచెం సూసుకోమంతన్నారు" అన్నాను.

పిన్ని మొహం చాటంత అయింది. మేడమ్‌కి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి నవ్వింది. మేడమ్ ఆ నవ్వు చూసి తెల్లబోయింది. తిరిగి వస్తూ పిన్ని బిష్టుపూర్ బజారులో మా ఇద్దరికీ సమోసాలు కొనిపెట్టింది. నేను రెండు తిన్నాను. సిగ్గులేనిదాన్ని, మూడోది ఇస్తే అదీ తిన్నాను.

చేసిన తప్పు దిద్దుకుందామని దానికి లెక్కలు నేనే చెప్తానన్నాను. అబ్బో, పెద్ద పంతులమ్మని! పట్టుమని పది రోజులు సాగలేదు. నేను విసుక్కోవడం, అది ఏడవడం. "బుర్రలో ఏముందే, మట్టా?" అన్నాను ఓ రోజు. మర్నాటి నుంచి అది రాలేదు. నేను పిలవలేదు. పీడా పోయిందనుకున్నాను కూడా.

నవంబరులో రెండో మీటింగు. ఈసారి మేడమ్ మెత్తగా మాట్లాడింది. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే. వెనకబడిన పిల్లలకి రోజూ బడి అయ్యాక గంటసేపు తనే లెక్కలు చెబుతుందట. తల్లి ఒప్పుకుని సంతకం పెడితే చాలట. కాగితం పిన్ని ముందుకి జరిపింది.

ఆ కాగితం ఏమిటో చెప్పాలంటే జూలై నాటి అబద్ధం కూడా బయటపెట్టాలి. నా స్నేహితురాలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బడి అయిపోయాక ఆటలకి ఉండమంతన్నారు పిన్నీ. ఇంటికొచ్చేసరికి సీకటి పడిపోద్ది."

"ఓలమ్మ, ఆడపిల్ల, సీకటి పడ్డాక ఎలాగొత్తాది? ఒద్దని సెప్పు" అని పిన్ని కాగితం వెనక్కి తోసేసింది. ఏమనుకుంటారోనని మేడమ్ వైపు చూసి మళ్ళీ అదే నవ్వు నవ్వింది. "ఠీక్ హై, ఆప్‌కీ మర్జీ" అని, ఇక మీ ఇష్టమన్నట్టు మేడమ్ కాగితం సొరుగులో పడేసింది.

మార్చిలో అది తొమ్మిది తప్పింది, టీసీ పట్టుకుపొమ్మని కబురొచ్చింది. పిన్ని చెప్పులైనా వేసుకోకుండా వచ్చి నా రెక్క పట్టుకుని బడికి లాక్కుపోయింది.

"అడుగే! బాగా సదువుతందన్నారు కదా, ఇప్పుడేటైందో అడుగు!"

అడిగాను. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. రెండుసార్లు చెప్పానంది. రెండుసార్లూ ఈవిడ నవ్విందంది. ఊరికే చదువు చెబుతానంటే కాగితం తోసేసిందంది. కన్నకూతురి మీద కాస్తయినా అక్కర లేని తల్లిని ఎక్కడా చూడలేదంది.

"ఏటంతన్నారే?"

ఈసారి ఒక్క ముక్క దాచలేదు. జూలైలో ఏం చెప్పారో, నవంబరులో ఆ కాగితం ఏమిటో, నేనేం చెప్పానో అంతా చెప్పేశాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాను నవ్వీసేనా?" అంది పిన్ని. అంతే. తర్వాత మేడమ్ వైపు తిరిగి, తనకొచ్చిన నాలుగు ముక్కలూ కూడదీసుకుని, "మేడమ్, హమ్‌కో మాలూమ్ నహీ థా" అంది. నాకు తెలీదు, నాకు తెలీదు అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. మేడమ్‌కి అర్థమైంది. నన్ను ఎగాదిగా చూసింది. కానీ టీసీ తయారైపోయింది, జాబితా పైకి వెళ్ళిపోయింది.

బాబాయి అన్నంత పనీ చేశాడు. పిన్ని అన్నం మానేసినా వినలేదు. దాన్ని మాంగో అనే పేటలో చుట్టాల బట్టల కొట్లో పెట్టాడు. పొద్దున్నే నేను బడి బట్టల్లో వెళ్తుంటే, అది టిఫిన్ డబ్బా పట్టుకుని ఆటో కోసం నిలబడేది.

పదో తరగతి మొదటి మీటింగుకి మా అమ్మ నన్ను లోపలికి రానివ్వలేదు. "నీ నోటి మాట నాను నమ్మను" అంది. కొట్లో సెలవు అడిగి దాన్నే పిలిపించింది. అప్పుడైనా నేను అడ్డుపడాల్సింది. పడలేదు. తీసేసిన బడిలోకి అది తల వంచుకుని మా అమ్మ వెనకే నడిచింది. నేను వరండాలో నిలబడి కిటికీలోంచి విన్నాను. అదే మేడమ్. లెక్కల్లో నాకే అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయంది.

"బాగా సదువుతందంట పెద్దమ్మా" అంది అది. "నెక్కల్లో క్లాసంతటికీ ఇదే ఫస్టంట."

మేడమ్ అన్నది అన్నట్టే చెప్పింది. ఆ తర్వాత కొట్టుకి ఆలస్యమవుతుందని నా ముందు నుంచే గబగబా వెళ్ళిపోయింది.