సముద్రంలో నాయిన, నేను, ఒక కోనెం

ఆ రోజు మా పడవకు పడినన్ని చేపలు ఆ రేవులో ఇంకే పడవకూ పడలేదట. పడవాయన కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. మా బావ ఇప్పటికీ చెప్పుకుంటాడు. నాకు మాత్రం ఆ రోజు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. తాత కాలం నుంచీ చెరువు చేపల మీద బతికిన ఇల్లు. చెరువులో చేపలు పట్టే రోజు మా నాయిన మాటే మాట. వల ఎక్కడ దింపాలో, ఏ కొస ఎవరు పట్టాలో ఆయనే చెబుతాడు. ఆ కొసల్లో ఒక్కటీ నా చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. చిన్నప్పుడు నా గాలానికి చేప పడేది కాదు. ఒకసారి నేను పట్టుకున్న చోటే వల చినిగింది. "వీని చెయ్యి మంచిది గాదు" అని నాయిన తేల్చేశాడు. విత్తనం వెయ్యడానికి చెయ్యి చూస్తారు, బోణీకి చెయ్యి చూస్తారు, చేపలకు మాత్రం ఎందుకు చూడరు? అప్పటినుంచి చెరువు పట్టే రోజున నా జాగా గట్టు మీద, తక్కెడ దగ్గర. నల్గొండలో కొలువు దొరికాక కూడా సెలవు పెట్టుకుని మరీ వచ్చి ఆ తక్కెడ దగ్గరే నిలబడేవాణ్ణి.

మా అక్క, బావ విశాఖలో ఉంటారు. బావది మా పక్క ఊరే, కొలువు కోసం అటు పోయాడు. ఒక చలికాలం నాయినను తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. బావ ఒక ఫైబర్ పడవాయనతో మాట్లాడి పెట్టాడు.

"మామా, నీతోని సముద్రంల చేపలు పట్టిపిస్త."

"చెరువైతేంది, సముద్రమైతేంది? నీళ్లే గద" అన్నాడు నాయిన.

నాకు లోపల ఒకటే ఆశ. అక్కడ గట్టు లేదు, తక్కెడ లేదు, ఊరివాళ్లు లేరు. ఒక్క చేపను నాయిన కళ్ల ముందు నా చేత్తో పైకి తీయాలి. పెళ్లయి పిల్లలున్నవాడికి ఇదొక కోరికా అంటే, అవును, ఇదే కోరిక.

పొద్దు పొడిచే వేళకు రేవు దాటాం. ఈ వేటలో పడవ ఆగదు. మెల్లగా పోతూనే ఉంటుంది. వెనక పొడుగాటి తంగూసుల, అంటే నైలాన్ దారాల, చివర మెరిసే ప్లాస్టిక్ చేపలను కట్టి వదులుతారు. అవి ఈదుతున్నట్టు కనబడి, పెద్ద చేపలు వెంటపడి మింగుతాయి. వానపాములు గుచ్చే పని లేదు, నీళ్లమీద బెండు చూస్తూ కూర్చునే పని లేదు. నాయినకు ఇది చేపలు పట్టినట్టే అనిపించలేదు.

"ఉరుక్కుంట గాలమేస్తె చేప ఎట్ల పడ్తదయ్యా?"

"అవే పరిగెట్టుకొస్తాయి పెద్దాయనా, మీరు చూడండి" అన్నాడు పడవాయన.

నాకొక తంగూసు, బావకొక తంగూసు ఇచ్చాడు. నాయిన మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. ఆయన చేతిలో ఏమీ లేదు. మేం చేసిన తప్పల్లా అదే.

మొదట నా తంగూసే బిగిసింది. వేళ్లు కోసుకుపోయేంత గుంజుడు. నోరు తెరిచేలోపే నాయిన పక్కకు వచ్చేశాడు.

"ఇటియ్యి."

నేను ఇవ్వలేదు, ఆయనే లాక్కున్నాడు. లాక్కుని, చెరువు గట్టున నిలబడి గాలం ఎగేసినట్టు రెండు చేతులతో ఒక్క ఎగుపు ఎగేశాడు. మా దగ్గర చేప ముట్టగానే అలాగే ఎగెయ్యాలి, లేదంటే ఎర తిని పోతుంది. ఇక్కడ పడవ పరుగుకే గాలం దిగబడి ఉంటుంది, దాని మీద మళ్లీ ఎగేస్తే చేప నోరు చినుగుతుంది. అదే జరిగింది. తంగూసు వదులైపోయింది.

"అదేటి పెద్దాయనా, అలా లాగేస్తారేటి?" అని పడవాయన మొత్తుకున్నాడు.

నాయిన నావైపు చూశాడు. "ముందుగాల వీడు పట్టుకున్నడు గద" అన్నాడు.

చేపను వదిలింది ఆయన, పేరు చెడింది నా చేతికి.

నాయిన మాత్రం తొందరగానే నేర్చుకున్నాడు. తర్వాత నా తంగూసుకు ఒక సూర చేప పడింది. "ఇటియ్యి" అన్నాడు, చెయ్యి మీద చెయ్యి వేస్తూ ఒడుపుగా లాగి పడవలో వేశాడు. ఆ వెనక ఇంకొకటి. "ఇటియ్యి." బావ తన చేపలు తాను తీసుకుంటున్నాడు, బావ జోలికి నాయిన పోడు, అల్లుడు కదా. నేను అటు పక్కకు మారి కూర్చున్నాను. నాయిన కూడా మారాడు. పడవ ఒకవైపు ఒరిగిందని పడవాయన ఇద్దరినీ కసిరాడు.

"బామ్మర్దీ, నువ్వు మేకు లెక్కున్నవ్" అని బావ పకపకా నవ్వాడు. "తంగూసు కట్టెయ్యనీకె మంచిగ పనికొస్తున్నవ్."

"సముద్రంల గూడ నా చెయ్యి తప్పలేదు, సూశిన్రా?" అని నాయిన మురిసిపోయాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆఫీసులో నన్ను చూసి ఎవరూ లేచి నిలబడరు గానీ, నా చేతిలో ఫైలును ఎవరూ లాక్కోరు. ఇక్కడ నా తంగూసుకు పడిన చేపకు నేను ప్రేక్షకుణ్ణి. పడవ అడుగంతా చేపలే. ఒక్కటీ నాది కాదు.

ఎండ నడినెత్తికొచ్చింది. నాయిన తువ్వాల తలకు చుట్టుకుని కునుకు తీశాడు. అప్పుడు నా గాలాన్ని ఏదో పట్టింది. ముందువాటిలా కాదు, కర్రకు చుట్టిన తంగూసు గిరగిరా తిరిగి నా అరచేతిలోంచి జారిపోతోంది. నేను ఎవరినీ పిలవలేదు. పడవాయన చూసి ఇంజను వేగం తగ్గించాడు. ఆ చప్పుడు తగ్గగానే నాయినకు మెలకువ వచ్చింది.

"ఇటియ్యిరా."

"ముట్టకు!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నాయిన మీద అంతెత్తున అరవడం అదే మొదలు. "ముట్టకు నాయినా. ఇది నాది."

చాచిన చేతులు చాచినట్టే ఆగిపోయాయి. తర్వాత ఆయన కూర్చున్నాడు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. నోరు మాత్రం ఊరుకోలేదు. "గుంజు... వద్దొద్దు, ఇడువు... గిప్పుడు గుంజు" అని ఒకటే పోరు. అందులో ఒక్కటీ పనికొచ్చే మాట కాదు. పడవాయన చెప్పినట్టే వదులుతూ, లాగుతూ దాన్ని పడవ పక్కకు తెచ్చాను. ఆయన కొక్కెం వేసి పైకి లాగాడు. నిలబెడితే నా నడుము దాటే కోనెం. మన వైపు వంజరం అంటారు. ఆ రోజు పడినవాటిలో అదే పెద్దది.

నాయిన వైపు చూశాను.

"తంగూసు సక్కగ సుట్టు, చిక్కులు వడ్తది" అన్నాడు.

ఒడ్డుకు వచ్చాక ఇంకొకటి. మా చెరువులో ఎవరు ఏది పట్టినా అన్నీ ఒక్కచోట పోస్తారు. మనిషికొక కుప్ప పెడతారు. ఒకరు అటు తిరిగి కూర్చుంటే, ఇంకొకరు ఒక్కో కుప్ప మీద చెయ్యి పెట్టి ఎవరిదని అడుగుతారు. చూడకుండా చెప్పిన పేరుకు తిరుగు లేదు. నాయిన ఆ సముద్రపు ఇసుకలో కూడా అదే పద్ధతి పెట్టాడు. పడవాయనతో కలిపి నాలుగు కుప్పలు. నా కోనెం ఏ కుప్పలో వేసినా ఆ కుప్పే పెద్దదవుతుంది. నాయిన కత్తి అడిగాడు.

"కొయ్యకు నాయినా. గట్లనే ఐసుల వెట్టి ఊరికి తీస్కపోదాం, ఇంటికాడ అమ్మ సూస్తది."

"కుప్పలల్ల నీది నాది ఉండదురా."

"నా వాటా ఒద్దులెండి, ముక్కలు చెయ్యకండి" అని పడవాయన కూడా బతిమాలాడు.

"గట్లెట్ల? పడవ నీది" అని నాయిన కోసేశాడు.

తల మాత్రం విడిగా పెట్టాడు. అన్నిటికన్నా పెద్ద చేప తల, దాన్ని పట్టినవాడికి చెందుతుంది. అలా ఎన్ని తలలు నాయిన విస్తట్లోకి వచ్చాయో నాకు తెలుసు. పోనీ, తలైనా నాది అనుకున్నాను. నాయిన అటు తిరిగి కూర్చున్నాడు. బావ అడుగుతుంటే కుప్పలకు పేర్లు చెప్పాడు. చివరికి బావ తల మీద చెయ్యి పెట్టాడు.

"గీ తలకాయ ఎవలది మామా?"

"పడవది" అన్నాడు నాయిన. "మనం కూసునే ఉన్నం. ఉరికింది పడవ."

"పొద్దుగాల నీ చెయ్యి గొప్పది, నాకాడికొచ్చేసరికి పడవ గొప్పదా?" అని అరిచాను. ఆయన వెనక్కి తిరగలేదు. పడవాయన మొహమాటపడుతూ తల తీసుకుని వెళ్లాడు.

అక్క వేయించి కట్టిచ్చిన ముక్కలను రైల్లో నాయిన ఇష్టంగా తిన్నాడు. నేను ముట్టలేదు. నల్గొండలో దిగేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఎండలు ముదిరి మా చెరువు నీళ్లు తగ్గాక, చేపలు పట్టే రోజున ఎప్పటిలాగే సెలవు పెట్టి వెళ్లాను. అలవాటుగా తక్కెడ దగ్గర నిలబడ్డాను. నాయిన నడుము లోతు నీళ్లలో ఉన్నాడు.

"ఏయ్, ఆడేం చేస్తున్నవ్? దిగు."

దిగాను. ఎప్పుడూ తాను పట్టే కొసను నా చేతిలో పెట్టాడు. చుట్టూ అందరూ మమ్మల్నే చూస్తున్నారు. కాళ్ల కింద బురద జారుతోంది. వల బరువెక్కుతోంది.

"ఇటి..." అంటూ నాయిన చెయ్యి సగం దాకా వచ్చింది. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆ చెయ్యి వెనక్కి పోయింది. రెండు చేతులూ నడుము వెనక కట్టుకుని, "గుంజు... వద్దొద్దు, ఇడువు... గిప్పుడు గుంజు" అని అరవసాగాడు. నేను ఆయన మాట ఒక్కటీ వినలేదు. వల చినగలేదు.